మొదటి టేకు

సంచిలో అడుగున లుంగీలు పెట్టింది జెసింతా. వాటి మీద రెండు చొక్కాలు, ఒక తువ్వాలు. తలనొప్పి తైలం సీసాకు మూత వదులుగా ఉందని దారంతో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడి వేసింది. ఆ ముడి గట్టిగా లేదనిపించి విప్పి మళ్లీ వేసింది. ఎండు నెత్తళ్ల పొట్లం బట్టలకు వాసన పట్టిస్తుందని తీసి పక్కన పెట్టింది. కొచ్చిలో ఎండుచేపలు దొరకవా అనుకుంది. దొరికినా ఆ ఉప్పు వేరు గదా అనుకుని మళ్లీ సంచిలోకి తోసింది. జపమాల పైజేబులో. జ్వరం బిళ్లలు జపమాల పక్కన. బిళ్లల మీద తేదీ చూడమని కూతురు ఫ్లోరాకు ఇచ్చింది. ఫ్లోరా చూసి, ఇంకా రెండేళ్లుందమ్మా, అంది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

సంచి తమ్ముడు ఇన్నాసిది. కొచ్చిలో పెద్ద పడవల మీద పనికి పోతున్నాడు. తమిళ తీరంలోని త్రేసుపురంలో వాళ్లిద్దరిదీ ఒకటే ఇల్లు, అమ్మ కట్టించినది. నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒకటి లేపి రెండు చేశారు. ఇటు జెసింతా, ఫ్లోరా. అటు ఇన్నాసి ఒక్కడే. ఆరేళ్లుగా అక్క తమ్ముడితో మాట్లాడలేదు. ఆరేళ్లుగా అతని అన్నం మాత్రం గోడ మీద కంచంలో వేళకు ఉండేది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మేకతో చెప్పేది.

"రాణీ, ఇవాళ పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పు. నీళ్లు కలుపుకుని తినమను."

గోడ అవతలి నుంచి జవాబు కూడా మేకకే వచ్చేది.

"రాణీ, ఉప్పు సరిపోయిందని చెప్పు. నాలిక చచ్చిపోయింది వాళ్లదే."

వీధిలో వాళ్లకు ఇది నవ్వులాట. మేక చచ్చిపోతే వీళ్లిద్దరూ ఎలాగ బతుకుతారో అనేవాళ్లు.

ఆ వీధిలో శంఖాల కోసం మునిగేవాళ్ల గాలిగొట్టాన్ని ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో పెట్టరు. భార్య తోడబుట్టినవాడి చేతిలోనే పెడతారు. ముత్యాలకు మునిగిన తాతల కాలం నుంచీ అంతే. కూలికి వచ్చినవాడు కునుకు తీస్తాడు. స్నేహితుడు బీడీ ముట్టించుకుంటూ అటు తిరుగుతాడు. సొంత అన్నకో తమ్ముడికో ఇంటి మీద కన్నుండొచ్చు. బావమరిది మాత్రం రెప్ప వెయ్యడు. నీళ్లలో ఉన్నవాడు పైకి రాకపోతే తాళి తెగేది తన అక్కకే. జెసింతా పెళ్లినాడు చర్చి మెట్ల మీదే ఆమె మామగారు కొత్త తాడు చుట్ట తెచ్చి ఇన్నాసి భుజాన వేశాడు. అప్పటికి వాడికి మీసాలు సరిగ్గా రాలేదు. మర్నాటి నుంచి బావ సూసై నడుముకు కట్టిన తాడు, నోట్లో పెట్టుకునే గాలిగొట్టం రెండూ వాడి చేతిలోనే ఉండేవి. బావ పీల్చే గాలి గొట్టంలో పోతుంటే తన వేళ్లకు తెలుస్తుందని, ఆయన నవ్వినా తెలుస్తుందని గొప్పలు పోయేవాడు.

లోతు నీళ్లలో చాలాసేపు ఉన్న మనిషిని ఒక్కసారిగా పైకి లాగకూడదు. ఒక బార లాగి ఆగాలి. పరలోక జపం ఒకసారి చెప్పుకోవాలి. మళ్లీ ఒక బార, మళ్లీ జపం. ఒళ్లు మెల్లగా సర్దుకోకపోతే నెత్తురు పాడవుతుందని ఆ వీధిలో పిల్లలకు కూడా తెలుసు. ఇన్నాసికి తెలియకపోవడమేమిటి.

ఆ రోజు గొట్టం ఒకసారి గట్టిగా గుంజుకుని, ఆ వెంటనే వదులైపోయింది. వేళ్లకు గాలి తెలియలేదు. కింద సూసై నడుముకున్న వలసంచి రాతికి చిక్కుకుంటే, విడిపించుకోవడానికి గొట్టం ఒక్క క్షణం నోట్లోంచి తీశాడు, అంతే. ఆ సంగతి పైనున్నవాడికి తెలియదు. ఇన్నాసికి అక్క ముఖం కనిపించింది. జపం లేదు, ఆగడం లేదు, తాడు బార మీద బార లాగేశాడు. సూసై పడవ అంచుకు వచ్చి నోరు తుడుచుకుని, వంజరం చేప దొరికిందనుకున్నావురా, అలా లాగావు, అని తిట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒడ్డుకు వచ్చేసరికి సూసై కాళ్లు చచ్చుబడ్డాయి.

తర్వాత ఆయన మంచం దిగలేదు. ఏడాది తిరక్కుండానే పోయాడు. మంచంలో ఉన్నన్నాళ్లూ భార్యకు ఒకటే చెప్పేవాడు. పరాయివాడైతే నిదానంగా లాగేవాడు, నీ తమ్ముడు గనక ఆగలేకపోయాడు, వాణ్ణి ఏమీ అనొద్దు, అని. జెసింతా ఆ మాట జవదాటలేదు. ఏమీ అనలేదు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మాట్లాడడమే మానేసింది. ఇన్నాసికి కుదిరిన పెళ్లి ఆగిపోయింది. పడవ మానేసి రేవులో మంచుగడ్డలు మోసే పనికి కుదిరాడు. తాడు కనబడితే పక్కకు తప్పుకుని నడిచేవాడు.

అలా ఆరేళ్లు గడిచాక, జూలైలో, నైరుతి గాలికి నీళ్లు కలకబారి మునిగేవాళ్లంతా ఇళ్లలో కూర్చుని ఉండగా, సినిమావాళ్లు దిగారు.

డైరెక్టరు కదిరవన్ అని గడ్డం పిల్లాడు. అతని కథ కూడా ఇలాంటిదే. బావ ప్రాణం తన చేతిలో పోయిన తమ్ముడు, వాణ్ణి చివరికి ఇంట్లోకి రమ్మనే అక్క. ఎవరి దగ్గర విని రాసుకున్నాడో, తనకే తట్టిందో ఎవరూ అడగలేదు. తాడు పట్టడం హీరోకు నేర్పడానికి మనిషి కావాలన్నాడు. వీధిలో అందరూ ఇన్నాసి గోడవైపు చూపించారు. ఇన్నాసి మొదట రానన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, వెళ్లాడు.

వెళ్లిన మొదటి రోజే గొడవైంది. హీరో పట్నం కుర్రాడు, చేతులకు కాయలు లేనివాడు. కెమెరా ముందు తాడు గబగబా లాగడం మొదలుపెట్టాడు. కింద మనిషి ఎవరూ లేరు, ఇసకమూట కట్టారు. ఇన్నాసి ఆగు ఆగు అని అరుస్తూ వెళ్లి కుర్రాడి చేతుల మీద పడ్డాడు. విడదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఆ వణుకుతున్న చేతులే కావాలన్నాడు కదిరవన్. సినిమాలో తాడు లాగే చేతులు దగ్గరగా కనిపించే చోటల్లా ఇన్నాసివే తీశారు. ఆ రోజు రాత్రి ఇన్నాసి కంచం ముట్టలేదు. పొద్దున్నే జెసింతా అన్నం మేకకు వేస్తూ, వేషాలు వేసేవాళ్లకు ఆకలుండదు కాబోలు రాణీ, అంది.

అక్క వేషానికి చెన్నై నుంచి వచ్చిన ఆవిడ ఎండదెబ్బ తగిలి వెళ్లిపోయింది. పని ఆగిపోతుందని కదిరవన్ వీధి వీధీ తిరుగుతూ, మేకను తిడుతున్న జెసింతాను గోడ మీదుగా చూశాడు. అమ్మా, మీరు ఒక్క సీనులో ఒక్క మాట చెబితే చాలు, అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అతను మర్నాడూ వచ్చాడు. ఆ మాట ఏమిటో ఫ్లోరా అడిగి తెలుసుకుంది. నీ మీద కోపం లేదురా, లోపలికి రా, అన్నం తిందువు. ఇంతే.

అది విని జెసింతా చచ్చినా అననంది. ఆ సాయంత్రం ఇన్నాసి గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అంత దగ్గరగా వచ్చేవాడు కాదు. మేక కట్టుకొయ్య వైపు చూస్తూనే మాట్లాడాడు.

"రాణీ, మా అక్కను ఆ మాట కెమెరా ముందైనా సరే అనమను. నా ముఖం చూడక్కర్లేదు. నేను వెనక ఎక్కడో నిలబడి వింటాను."

మర్నాడు జెసింతా పొద్దున్నే తలస్నానం చేసి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని షూటింగుకు వెళ్లింది.

మంచుఫ్యాక్టరీ వెనక ఇసకలో తాటాకు ఇల్లు ఒకటి వేశారు. జెసింతా గుమ్మంలో నిలబడాలి. హీరో బయట మెట్టు మీద తలవంచుకుని కూర్చుంటాడు. వాణ్ణి చూస్తూ మాట చెప్పాలి. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. నిశ్శబ్దం అని ఎవరో అరిచారు. కెమెరా వెనక, గొడుగు నీడ దాటి, గాలిగొట్టం చుట్ట భుజాన వేసుకుని ఇన్నాసి నిలబడి ఉన్నాడు.

ఆమె మెట్టు మీది కుర్రాణ్ణి చూడబోయి తమ్ముణ్ణి చూసింది. మీసం నెరిసింది వీడికి, అనుకుంది. గోడ మీదుగా ఆరేళ్లు వంచుకున్న నడినెత్తి మాత్రమే కనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ మీద కోపం లేదురా. లోపలికి రా, అన్నం తిందువు."

ఇన్నాసి భుజం మీది చుట్ట కింద పెట్టాడు. సరే అక్కా, అన్నాడు. కాళ్లకున్న ఇసక ఒకదానికొకటి రాసి దులుపుకుని, కెమెరాకు అడ్డంగా నడుచుకుంటూ వచ్చి, హీరోను దాటి, తాటాకు గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపల ఇల్లు లేదు. వెనక నుంచి సముద్రం కనిపిస్తోంది.

కట్ అని కదిరవన్ అరిచాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

"ఏమయ్యా, నీకు వేషం ఎవరిచ్చారు?" అన్నాడు కెమెరా అబ్బాయి.

"అన్నం ఇంకా వార్చలేదు పెద్దాయనా, వెళ్లి వరసలో నిలబడు," అన్నాడు భోజనాల మనిషి.

ఇన్నాసి కూడా నవ్వాడు, ముఖం చెల్లక. అతన్ని తీసుకెళ్లి దూరంగా, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబెట్టారు. కదిరవన్ జెసింతా దగ్గరికి వచ్చి, బాగా చెప్పారమ్మా, కానీ అటు కాదు, ఈ అబ్బాయిని చూస్తూ చెప్పాలి, అని మర్యాదగా చెప్పాడు.

ఆమె చెప్పింది. గాలి ఎక్కువైందని మళ్లీ చెప్పించారు. కుర్రాడికి కన్నీళ్లు రాలేదని మళ్లీ. కాకి అడ్డం వచ్చిందని మళ్లీ. ఎండ మారిందని గుమ్మం పక్కకు జరిపి మళ్లీ. మొదట్లో ప్రతిసారీ గుండె పట్టేసినట్టుండేది. తర్వాత కాళ్లు మాత్రమే నొప్పి పుట్టాయి. అన్నం దగ్గర గొంతు కొంచెం ఆపితే డైరెక్టరు ముఖం వెలుగుతోందని గమనించి, అక్కడ ఆపడం నేర్చుకుంది. మధ్యాహ్నానికి ఆ మాట ఆమెకు ఎంత బాగా వచ్చిందంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చివరి టేకు అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. పట్నం కుర్రాడు ఆమె కాళ్లకు దండం పెట్టాడు. తాడు అవతల నిలబడ్డ ఇన్నాసి అన్నీ విన్నాడు.

సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే గోడ అవతల మంచం కిర్రుమంది.

"రాణీ, పొద్దున మొదటిసారి అన్నారు చూడు, అది ఎవరితో అన్నారో అడుగు."

జెసింతా గిన్నె బోర్లించింది. ఆమెకు నిజంగానే తెలియలేదు. వాడితోనే అని ఉంటే, ఈ ఆరేళ్లూ ఆ మాట ఎక్కడ దాక్కుంది? వాడితో కాకపోతే, వాడు సరే అక్కా అన్నప్పుడు కడుపులో అంత చల్లగా ఎందుకైంది? పోనీ ఆ చల్లదనం నిజమనుకుంటే, మధ్యాహ్నం పరాయి కుర్రాడి ముందు అవే మాటలు అంత బాగా ఎలా వచ్చాయి? ఆ మాటను పట్టుకుని చూద్దామంటే, అన్నం దగ్గర గొంతు ఆపే ఆ నేర్పే చేతికి తగులుతోంది. మంచంలో సూసై ముఖం గుర్తొచ్చింది. ఆయన ఏ రోజూ తమ్ముణ్ణి క్షమించానని అనలేదు. ఏమీ అనొద్దన్నాడు. అంతకంటే ఏం చెయ్యాలో ఆయనకూ తెలియలేదేమో.

"మేకలకు సినిమా సంగతులెందుకు," అంది చివరికి.

మర్నాడు ఇన్నాసి కొచ్చి సంగతి చెప్పాడు, ఫ్లోరాతో. ఎవరో తెలిసినవాళ్లు పిలిచారట. పడవలో వంటపని, తాడు ముట్టక్కర్లేదట. చర్చిలో మంచుమాత పండుగ జెండా ఎక్కడానికి ఇంకా నాలుగు రోజులుందని, అదైనా చూసి వెళ్లమని ఫ్లోరా బతిమాలింది. అతను వినలేదు. ఆ రాత్రే ఫ్లోరా తల్లి మీద విరుచుకుపడింది. పట్నం నుంచి వచ్చినవాడికి ముప్ఫైసార్లు చెప్పావు, ఇంట్లోవాడికి ఒక్కసారి చెప్పలేవా, అని. జెసింతా అటకెక్కి సంచి దించింది.

బస్టాండుకు ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. సంచి ఫ్లోరాకు ఇవ్వకుండా తనే మోసుకుంటూ నడిచింది. దారి పొడవునా మాట కూడబలుక్కుంది. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఇన్నాసి సంచి అందుకుని మెట్టెక్కి, మళ్లీ దిగాడు. మేక లేదు. నేరుగా ఆమె ముఖంలోకి చూశాడు.

"అక్కా, అది నాకేనా?"

ఆమె నోరు తెరిచింది. మాట వచ్చింది కూడా, నాలిక చివరిదాకా. దాని వెనకే ఆ ఆపడం వచ్చింది, గొంతులో ఆ చిన్న వణుకు, డైరెక్టరుకు నచ్చినది. ఇప్పుడు అంటే అది షూటింగే అవుతుంది. వాడికి తెలిసిపోతుంది. వాడికి తెలియకపోయినా తనకు తెలుస్తుంది.

"సినిమా వస్తుందిగా. అందులో చూసుకో," అంది.

ఆరేళ్ల తర్వాత తమ్ముడితో ఆమె నేరుగా అన్న మాట అది. అంటూనే నాలిక కరుచుకుంది. ఇన్నాసి మాత్రం నవ్వాడు. రిలీజుకు వస్తానని, ముందు వరసలో కూర్చుంటానని, పక్కన ఆమెకు కూడా సీటు ఆపుతానని చెప్పాడు. కండక్టరు కసిరితే ఎక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. బిళ్లలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోను ఫ్లోరాకు వచ్చేది. పడవ ఒడ్డుకు చేరిన ప్రతిసారీ చేసేవాడు. వంట బాగుందంటున్నారని, మలయాళీలకు తన పులుసు నచ్చిందని, సినిమా ఎప్పుడని. జెసింతా పక్కనే కూర్చుని వినేది. ఫోను ఇవ్వనా అని ఫ్లోరా కళ్లతో అడిగేది. ఆమె తల అడ్డంగా ఊపేది. పగలంతా గోడ దగ్గర కూర్చుని వేరే మాటలు వెతికేది, ఆ సినిమాలో లేనివి, ఎవరూ నేర్పనివి. అన్నం అనకుండా, కోపం అనకుండా, రమ్మనకుండా ఆ సంగతి చెప్పడానికి ఆమెకు మాటలు దొరకలేదు. గోడ మీద కంచం పెట్టే వేళకు చెయ్యి దానంతటదే లేచేది.

సెప్టెంబరులో కదిరవన్ దగ్గర పనిచేసే కుర్రాడు ఫోను చేశాడు. గాలి హోరుకు ఆ రోజు రికార్డింగంతా పాడైందట. అందుకని చెన్నైలో డబ్బింగు చెప్పే ఆవిడతో ఆ మాట చెప్పించారట. అమ్మ ముఖం చాలా బాగా వచ్చిందని, చూడమని ఆ ముక్క పంపించాడు. ఫోనులో జెసింతా పెదవులు కదిలాయి. నీ మీద కోపం లేదురా అని ఎవరో పట్నం ఆడమనిషి అంది. తీయగా, పొందిగ్గా, అన్నం దగ్గర ఆగి. మొదటి టేకు ఉందా అని ఫ్లోరా అడిగింది. ఎవరో మనిషి అడ్డం వచ్చినది కదా, అది తీసేశారు, అన్నాడు కుర్రాడు.

ఇన్నాసి టికెట్టు కొనుక్కుని, ముందు వరసలో కూర్చుని, ఈ గొంతు వింటాడు. అది తలుచుకోగానే జెసింతా లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఎక్కడికో బయల్దేరినట్టు నిలబడింది.

"మామయ్యకు ఫోను కలుపు. నేనే మాట్లాడతాను," అంది.

ఏం చెబుతావని ఫ్లోరా అడగలేదు. ఆమె తనంతటతనే చెప్పింది.

"అది నీకేరా అని చెబుతాను."

అది నిజమో కాదో ఆమెకు ఇంకా తేలలేదు. తేలకపోయినా చెప్పేద్దామనుకుంది. ఫోను కలవలేదు. పడవ వేటకు వెళ్లి ఉంటుంది, ఒడ్డుకు రాగానే వాడే చేస్తాడులే అమ్మా, అంది ఫ్లోరా. ఆ రోజు, ఆ మర్నాడు, ఆ పైవారం కూడా కలుపుతూనే ఉన్నారు. తర్వాత కొచ్చి నుంచి ఎవరో చేశారు. మాట్లాడినవాడికి తమిళం సరిగ్గా రాదు. పడవ పేరు మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఇన్నాసి తిరిగి రాలేదు. కొచ్చి నుంచి వెళ్లిన ఆ పడవలోని వాళ్లెవరూ రాలేదు. వాళ్లు ఒడ్డు వదిలింది రెండువేల పదిహేడు సెప్టెంబరు పధ్నాలుగు, గురువారం.